గోడ మూసే ముందు

పాత మోటార్‌హోమ్ కొన్నవాళ్లలో చాలామంది ముందు పట్టుకునేది కర్టెన్ల గుడ్డ. తర్వాత సోఫా దిండ్లు, గోడలకు రంగు, వంటగట్టుకు కొత్త పలక. ఉత్సాహం పొంగుతున్న రోజుల్లో చెయ్యి కంటికి కనిపించే పని మీదకే పోతుంది. ఒక్క శీతకాలం గడిచేసరికి ఆ కొత్త రంగులోంచి గోధుమరంగు మరక పైకి తేలుతుంది. పరుపు ఎత్తి చూస్తే అడుగున బూజు. పెట్టిన డబ్బు, చేసిన చాకిరీ మళ్లీ పీకి పారేయాల్సి వస్తుంది. చాలా పాత బండ్లు పెరటిలోనే ఆగిపోయేది సరిగ్గా అక్కడే. యజమానికి ఓపిక లేక కాదు, ఒకసారి చేసిన పనిని మళ్లీ మొదటినుంచి చేయడానికి మనసు ఒప్పక.

అందుకే ఈ అధ్యాయంలో గోడ మూయకముందు జరిగే పని గురించే ఎక్కువగా చెబుతాను. లోపలి పలకలు విప్పిన రోజు నుంచి మళ్లీ బిగించే రోజు వరకు ఉన్న గడువులోనే ఆ బండి ఇంకో ఇరవై ఏళ్లు బతుకుతుందా లేదా అన్నది తేలిపోతుంది. ఆ గడువును కుదించాలన్న ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవడం ఈ పనిలో నేర్చుకోవాల్సిన అసలు విద్య. స్క్రూడ్రైవర్ పట్టడం ఎవరైనా నేర్పుతారు. ఇది మాత్రం ఎవరికి వాళ్లు అలవాటు చేసుకోవాల్సిందే.

ఉదాహరణకు నాకు బాగా తెలిసిన బండినే తీసుకుంటాను. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు మిషిగన్‌లోని పోంటియాక్‌లో తయారుచేసిన జీఎంసీ మోటార్‌హోమ్. 1973 నుంచి 1978 మోడల్ వరకు దాదాపు 13,000 బండ్లు వచ్చాయి. 23 అడుగులది ఒకటి, 26 అడుగులది ఒకటి. ఆ రోజుల్లో తక్కిన మోటార్‌హోమ్‌లు ట్రక్కు చాసిస్ మీద పెట్టె కట్టినట్టు ఉండేవి. దీన్ని మాత్రం మొదటినుంచీ మోటార్‌హోమ్‌గానే గీశారు. చాలా బండ్లలో ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారులోని 455 క్యూబిక్ అంగుళాల, అంటే ఏడున్నర లీటర్ల, వీ8 ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనక్కి పోయే డ్రైవ్ షాఫ్ట్ లేదు. వెనకవైపు ఒక్కో పక్క రెండేసి చక్రాలు, వాటికి గాలి సస్పెన్షన్. దాంతో నేలను రోడ్డుకు అడుగు మీద కొంచెం ఎత్తులోకి దించగలిగారు. లోపల నిటారుగా నిలబడొచ్చు, బయటినుంచి చూస్తే బండి పొట్టిగా, నున్నగా ఉంటుంది. యాభై ఏళ్లయినా అది రోడ్డు మీద పోతుంటే జనం తలతిప్పి చూస్తారు. నేనూ చూస్తాను.

దీని ఒళ్లు అల్యూమినియం పక్కటెముకల మీద అతికించిన అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ పలకలు. ఆ ఎముకల మధ్య ఫ్యాక్టరీలోనే పాలీయూరెథేన్ ఫోమ్ పిచికారీ చేశారు. 1970లలో ఇది సామాన్యమైన విషయం కాదు. అప్పటి చాలా బండ్లలో కర్రచట్రం మధ్య గాజుదూది కుక్కి సరిపెట్టేవాళ్లు. కాబట్టి జీఎంసీ కొన్నవాళ్లకు ఇన్సులేషన్ ముందే ఉంది. కానీ యాభై ఏళ్లలో ఆ ఫోమ్ కొన్నిచోట్ల రేకుని వదిలేసి ఉంటుంది, కొన్నిచోట్ల పిండిలా రాలుతుంది, కొన్నిచోట్ల దాని వెనక నీళ్లు దారి చేసుకుని ఉంటాయి. ఎక్కడ బాగుందో ఎక్కడ పోయిందో పలక విప్పితే తప్ప తెలియదు.

విప్పాక ముందు వెతకాల్సింది నీటిని. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో మన తెలుగువాళ్లు చాలామందే పనిచేస్తున్నారు. వాళ్లలో మా బావమరిది ఒకడు. అతను ఒక 26 అడుగుల జీఎంసీ కొన్నాడు. లోపలి పలకలు తీసేసరికి డ్రైవర్ వెనక కిటికీ కింద పెద్ద మరక. ఎవరు చూసినా కిటికీ లీకే అంటారు. అతను బయట నీళ్ల గొట్టం పట్టుకున్నాడు, నేను లోపల టార్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాను. గొట్టాన్ని కింది అంచు నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు పైకి జరపాలి. పైనుంచి మొదలుపెడితే ఒళ్లంతా తడుస్తుంది, నీళ్లు ఎక్కడ దూరాయో తేలదు.

“బావా, కిటికీ చుట్టూ అయిపోయింది. పైకి జరపనా?”

“జరుపు. ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగు.”

కిటికీ చుట్టూ ఎంతసేపు పట్టినా లోపల చుక్క లేదు. గొట్టం పైకప్పు అంచున ఉన్న చిన్న దీపం దగ్గరకు చేరాక, కాసేపటికి ఒక పక్కటెముక మీద సన్నటి మెరుపు కనిపించింది. దీపం స్క్రూ రంధ్రంలోంచి దూరిన నీరు ఎముక వంపు వెంట జారుకుంటూ వచ్చి కిటికీ చట్రం మీద ఆగి, అక్కణ్నుంచి కిందికి బొట్టు బొట్టుగా కారుతోంది. మరక ఒకచోట, లీకు నాలుగడుగుల అవతల. సుద్దతో దారి మొత్తం గీసి, బయట దీపం పక్కన టేపు ముక్క అంటించాం. ఆ రోజు కిటికీ విప్పి కొత్త సీలు వేసి ఉంటే పని అయిపోయిందనుకునేవాళ్లం, నీళ్లు మాత్రం కారుతూనే ఉండేవి.

ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల గొట్టం, ఒక సెలవురోజు ఉంటే ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. లోపల ఫ్యానుతో గాలి నింపి, బయట సబ్బునీళ్లు చల్లి, బుడగలు వచ్చినచోట గుర్తుపెట్టే సర్వీసు షాపులు కూడా ఉన్నాయి. పైకప్పు మీద ఏసీ, గాలిమూత, యాంటెనా, నిచ్చెన, ఇలా రంధ్రం పడిన ప్రతి చోటూ అనుమానించాల్సిందే.

సీలు వేయడంలో ఒక పట్టుదల అవసరం. పాత యజమానుల్లో ఎవరో ఒకరు సిలికాన్ పూసే ఉంటారు. సిలికాన్ మీద మరే సీలెంటూ సరిగా అంటదు. కాబట్టి పాతది పూర్తిగా గీకి, తుడిచి, లోహం కనిపించాకే కొత్తది వేయాలి. కిటికీ చట్రాలకు, దీపాలకు బ్యూటైల్ టేపు మంచిది. అది ఏళ్ల తరబడి గట్టిపడదు, బండి ఊగినప్పుడు తనూ సాగుతుంది. స్క్రూలు బిగించగానే అంచుల్లోంచి కొద్దిగా బయటికి ఉబకాలి. మర్నాడు ఇంకొంచెం బిగించి, ఉబికింది కోసేయండి. పైకప్పు మీద సమతలంగా ఉన్నచోట తనంతట తాను పరుచుకునే రకం సీలెంట్ వాడండి. ఉక్కు స్క్రూ అల్యూమినియాన్ని తడిలో తాకుతూ ఉంటే తినిపోయేది అల్యూమినియమే. ఆ చోట తెల్లటి పొడి కనిపిస్తుంది. స్క్రూ చుట్టూ సీలెంట్ పూసి బిగిస్తే ఆ తాకిడి చాలావరకు తప్పుతుంది.

లీకులు ఆగాక ఆరబెట్టాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. చేత్తో తడిమితే పొడిగా ఉందనిపించే ప్లైవుడ్‌లో కూడా చెమ్మ ఉంటుంది. రెండు సూదులున్న తేమ మీటరు పెద్ద ఖరీదేమీ కాదు, కొనుక్కోండి. కర్రలో తేమ 20 శాతం దాటి చాలాకాలం ఉంటే కుళ్లు మొదలవుతుంది. 15 శాతం లోపుకు వచ్చేదాకా ఫ్యాన్లు, డీహ్యూమిడిఫయర్ నడపాలి. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. తలుపు పక్కన, బాత్రూం కింద, చక్రాల గూళ్ల దగ్గర నేలను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క కోసేయడం తప్ప దారి లేదు. కొత్త ముక్కకు మెరైన్ ప్లైవుడ్ వాడి, కోసిన అంచులకు తప్పకుండా ఎపాక్సీ పట్టించండి. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల్లోంచే.

ఎలుకల గూళ్లు కూడా కనిపిస్తాయి. వాటిని పొడిగా ఊడ్చకండి. ఉత్తర అమెరికాలో కొన్నిరకాల ఎలుకల పెంటికల దుమ్ములో హంటావైరస్ ఉండే ప్రమాదం ఉంది. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచి కలిపిన నీళ్లతో బాగా తడిపి, మాస్కు, గ్లవుజులు వేసుకుని కాగితం గుడ్డలతో ఎత్తేయాలి.

ఈ మెట్టు మీద మనసు మొరాయిస్తుంది. బండి అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది. ఇంట్లోవాళ్లు “ఇంకెప్పటికి?” అని అడుగుతుంటారు. మీటరు ఇంకా 18 చూపిస్తుంటుంది. ఇలాంటప్పుడు ఆత్రానికి వేరే పని అప్పగించడం నేను చూసిన అన్ని ఉపాయాల్లోకీ మేలైనది. బండిలోంచి విప్పి బల్ల మీద పెట్టుకోగల వస్తువు ఒకటి తీసుకోండి. డ్రైవరు సీటు కావచ్చు, పాత తలుపు గొళ్లెం కావచ్చు, డాష్‌బోర్డు మీది గడియారం కావచ్చు. దాన్ని చివరిదాకా మెరిసేలా పూర్తిచేయండి. మా బావమరిది స్టీరింగ్ చక్రం మీది పగుళ్లు ఎపాక్సీతో నింపి, గరుకు కాగితంతో రుద్ది, రంగేసి హాల్లో అల్మరా మీద పెట్టాడు. వచ్చినవాళ్లంతా దాన్ని పట్టుకుని తిప్పి చూసేవాళ్లు. పూర్తయిన వస్తువు ఒకటి కళ్లముందుంటే, పూర్తికాని గోడ దగ్గర ఓపిక పట్టడం సులువవుతుంది. చూడాల్సిందల్లా ఆ చిన్నపని గోడ మూసే పనికి అడ్డుపడకపోవడం.

ఎముకలు బయటపడి ఉన్నప్పుడే తీగలు, గొట్టాల పని కూడా ముగించాలి. పాత తీగలు ఫోమ్‌లో కూరుకుపోయి ఉంటాయి. కొత్తవి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి లాగండి. రేపు ఒక తీగ చెడితే గోడ విప్పకుండా మార్చుకోవచ్చు, ఫోమ్ మధ్య వేడెక్కే భయమూ తగ్గుతుంది. అదనంగా ఒకటి రెండు ఖాళీ గొట్టాలు వేసి ఉంచండి. పెట్రోలు గొట్టాల విషయంలో పొదుపు పనికిరాదు. అమెరికాలో ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది 1970ల నాటి రబ్బరును పాడుచేస్తుంది. జీఎంసీలో ఇంజను, మనం కూర్చునే చోటుకు అడుగు దూరంలోనే, నేలలోని మూత కింద ఉంటుంది. అక్కడ పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే రకం గొట్టాలు ట్యాంకు నుంచి ఇంజను దాకా అన్నీ ఒకేసారి మార్చండి. వంటగ్యాసు రెగ్యులేటరు, రబ్బరు గొట్టం కూడా మార్చి, లైసెన్సు ఉన్న మెకానిక్ చేత లీకు పరీక్ష చేయించండి.

ఇక ఇన్సులేషన్. గుంటూరు, రెంటచింతల ఎండల్లో పెరిగినవాళ్లకు ఇన్సులేషన్ అనగానే వేడిని ఆపేది అన్న ఊహే వస్తుంది. చలిదేశంలో దానికి ఇంకో పని ఉంది. లోపలి గాలిలోని ఆవిరిని చల్లటి రేకు దాకా పోనివ్వకూడదు. లోపల 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే, 9 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు చేరుతుంది. ఐసునీళ్ల చెంబుకు చెమట పట్టినట్టే. మిషిగన్ జనవరి రాత్రి బయట మైనస్ 10 ఉంటే అల్యూమినియం రేకు కూడా ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది. దాని వెనక గాజుదూది వదులుగా కుక్కితే, ఆవిరి దూదిలోంచి సాఫీగా పోయి రేకు మీద మంచుగా కడుతుంది, పొద్దున ఎండ తగలగానే కరిగి కిందికి కారుతుంది. బయట వాన చుక్క పడకపోయినా గోడ అడుగు కుళ్లిపోతుంది. లీకులన్నీ మూసినా చెమ్మ పోవడం లేదని వాపోయేవాళ్లలో చాలామంది కథ ఇదే.

అందుకే మూసిన కణాలున్న ఫోమ్‌ను రేకుకు నేరుగా, సందు లేకుండా అతికించడం మేలు. ఆవిరి పోవడానికి దారే ఉండదు. అంగుళం మందానికి ఉష్ణనిరోధం, అంటే ఆర్-విలువ, చూస్తే గాజుదూదికి మూడు మూడున్నర, ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ పలకకు 5, పాలీఐసో పలకకు, మూసిన కణాల స్ప్రే ఫోమ్‌కు 6 అటూ ఇటూ ఉంటుంది. గట్టి చలిలో పాలీఐసో బలం కొంత తగ్గుతుంది. జీఎంసీ లాంటి వంపు గోడలకు పలకలు లొంగవు, స్ప్రే ఫోమే నప్పుతుంది. పాత ఫోమ్ గట్టిగా అంటుకుని ఉన్నచోట దాన్ని పీకొద్దు. వదిలేసినంత మేరకే తీసి, రేకు తుడిచి, కొత్తది నింపండి. బాగున్నదాన్ని కూడా పీకి కొత్తగా చేద్దామన్న మోజు ఈ పనిలో చాలామందిని పడగొట్టింది.

స్ప్రే ఫోమ్ సొంతంగా కొట్టేవాళ్లు రెండు విషయాలు మరవొద్దు. అందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. కిట్టు మీద చెప్పిన రెస్పిరేటరు, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే సూటు లేకుండా డబ్బా తెరవకండి. రెండోది, ఫోమ్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఒకేసారి మందంగా కొడితే రేకు ఉబ్బిపోతుంది, లోపల మాడే ప్రమాదం కూడా ఉంది. పలచటి పొరలుగా, ఒకటి చల్లారాక మరొకటి కొట్టాలి. ఫోమ్ మండే పదార్థమే కాబట్టి దాన్ని బయటికి వదిలేయకుండా పలకతో కప్పాలి. ఇంజను మూత దగ్గర మాత్రం ఈ ఫోమ్ వద్దు, వేడికి తట్టుకునే వేరే రకం పొర వేయాలి.

పక్కటెముకలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అల్యూమినియం కర్ర కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని మోస్తుంది. ఎముకల మధ్య ఎంత మంచి ఫోమ్ నింపినా, ఎముక లోపలి పలకను నేరుగా తాకుతుంటే ఆ గీత వెంట చలి లోపలికి వస్తుంది. చలికాలం పొద్దున గోడ మీద నిలువు చారలుగా చెమ్మ కనిపిస్తే ఎముకలే కారణం. ప్రతి ఎముక మీదా మూసిన కణాల ఫోమ్ పట్టీ ఒకటి అంటించి, దానిమీద పలక బిగిస్తే చలి దాటే ఆ వంతెన తెగుతుంది. ఖర్చు కొంచెమే, ఫలితం చాలా ఎక్కువ. వెండిరంగు రేకు చుట్టలు అమ్మేవాళ్లు చెప్పే గొప్పల్ని మాత్రం నమ్మకండి. దాని ముందు గాలి సందు ఉంటేనే అది పనిచేస్తుంది. రెండు పొరల మధ్య నొక్కేస్తే దాదాపు ఏమీ చేయదు. ఎముకల అడుగున నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోకి ఫోమ్ పోకుండా ముందే టేపు వేయండి, పనయ్యాక తీయండి.

ఎంత చేసినా కిటికీలు కిటికీలే. జీఎంసీ అందమంతా ఆ పెద్ద అద్దాల్లోనే ఉంది, చలికాలంలో వేడి పోయేదీ ఎక్కువగా వాటిలోంచే. రాత్రిపూట పెట్టుకోవడానికి అద్దం కొలతకు ఫోమ్ పలకలు కోసి, గుడ్డ కుట్టించుకోండి. వాటి వెనక అద్దం మాత్రం చెమరుస్తుంది. పొద్దున తీసి తుడవాలి.

ఇప్పుడు గోడ మూయొచ్చా? ప్రతి భాగానికీ ఒక కాగితం రాసి ఆ చోటే అంటించి పెట్టుకోండి. గొట్టం పెట్టి నీటి పరీక్ష చేసిన తేదీ, మీటరు చూపిన తేమ, ఏ తీగ ఏ గొట్టంలో ఉంది, ఎముకలకు పట్టీ వేశామా లేదా. నాలుగూ నిండితేనే పలక బిగించాలి. మూసేముందు కొలత టేపును ఎముకకు ఆనించి ఫొటో తీయండి. రేపు అల్మరా బిగించేటప్పుడు డ్రిల్లు ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో ఆ ఫొటోయే చెబుతుంది. పలకలకు జిగురు వద్దు, స్క్రూలే వాడండి. మళ్లీ విప్పే రోజు తప్పకుండా వస్తుంది.

డబ్బు లెక్కలో కూడా ఇదే వరస పాటించండి. సీళ్లు, నేల, పెట్రోలు, గ్యాసు గొట్టాలు, టైర్లు, బ్రేకులకు కావలసింది ముందు పక్కన పెట్టి, మిగిలిందే లోపలి సింగారానికి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రెడ్డు నిండుగా ఉన్నా వయసు మీరిన టైరు మీద ఇంతటి బండిని నడపకండి.

గోడలు మూసి, పరుపు పరిచాక గట్టి చలి ఉన్న ఒక రాత్రి ఇంటి ముందే అందులో పడుకోండి. దూరం పోవద్దు. ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి ఊపిరిలోంచి, ఒంట్లోంచి దాదాపు అర లీటరు నీరు గాలిలో కలుస్తుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. కాబట్టి పొగగొట్టం లేని గ్యాసు హీటరు వెలిగించి పడుకోకండి, స్టవ్వును హీటరుగా వాడకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక అచ్చేసిన గడువు తేదీ చూసుకోండి. పైకప్పు గాలిమూత వేలెడు తెరిచి, కింద ఒక కిటికీ కొద్దిగా జరపండి. వెచ్చగా మూసుకున్న చోట గాలికి దారి తెరవడం పిచ్చిపనిలా అనిపిస్తుంది కానీ, ఆవిరి పోవడానికి అదే దారి.

పొద్దున లేవగానే టార్చి తీసుకుని తిరగండి. పరుపు ఎత్తి అడుగు తడిమి చూడండి. తడిగా ఉంటే పలక మీద నేరుగా పరవకుండా కింద చెక్కపట్టీలు వేసి గాలి ఆడనివ్వాలి. అల్మరాల వెనక మూలల్లో, తలుపు అంచున, ఎముకల వరస వెంట చెయ్యి ఆనించి చూడండి. చల్లగా తగిలినచోటల్లా టేపు ముక్క అంటించి, నంబరు వేసి, పుస్తకంలో రాసుకోండి. తలుపు రబ్బరుతో తీరిపోయేవి ఆ వారమే చేయండి. గోడ విప్పాల్సినవి వసంతం దాకా ఆగొచ్చు. స్క్రూలే వాడారు కనుక ఆ ఒక్క పలక విప్పితే చాలు.